కాట్రిడ్జ్ ఎండకముందే ఇంకు నింపడం ఎలా?

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. మా అమ్మాయి సోషల్ ప్రాజెక్టుకి భారతదేశం పటం ప్రింట్ తీస్తున్నాం. కశ్మీరు ముచ్చటగా వచ్చింది. ఢిల్లీ, భోపాల్ పర్లేదు. హైదరాబాద్ దాటాక రంగు పలచబడింది. కన్యాకుమారి వచ్చేసరికి సముద్రానికీ నేలకీ తేడా లేదు, అంతా తెల్లకాగితమే. అప్పుడు నేను చేసింది చాలా ఇళ్లలో జరిగేదే. హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే భాగమైన హెడ్‌ని ప్రింటర్ తనే శుభ్రం చేసుకోవడం) నొక్కాను, మళ్లీ ప్రింట్ కొట్టాను. మళ్లీ క్లీనింగ్, మళ్లీ ప్రింట్. మర్నాడు ఇంకు తెచ్చి నింపినా ఆ కాట్రిడ్జ్‌లో నీలం ఇక రాలేదు.

సిరంజితో ఇంకు ఎక్కించడం అరగంట పని, ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ అరగంట ఏ రోజు పెట్టుకోవాలన్న దగ్గరే నాలాంటివాళ్లు దెబ్బ తింటారు. అందుకే ఇక్కడ ఎలా నింపాలన్నది తక్కువ, ఎప్పుడు నింపాలన్నది ఎక్కువ రాస్తున్నాను.

ముందు మీది ఏ రకమో చూడండి

ప్రింటర్ మూత తీసి కాట్రిడ్జ్ బయటికి తీయండి. అడుగున బంగారు రంగులో మెరిసే చిన్న పలక, పక్కన రాగి చుక్కలున్న పట్టీ కనిపిస్తే మీది హెడ్ కలిసి ఉన్న కాట్రిడ్జ్. హెచ్‌పీ 678, 680, 803, 805, కెనన్ పీజీ-745, సీఎల్-746 అన్నీ ఈ జాతివే. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవీ ఇవే. ఈ వ్యాసం ప్రధానంగా వీటి గురించి. ఆ పలకని గానీ, రాగి చుక్కల్ని గానీ వేలితో ముట్టుకోకండి.

కాట్రిడ్జ్ లేకుండా పక్కన సీసాలతో ఇంకు పోసే ట్యాంకు ప్రింటరైతే (ఎప్సన్ ఎల్3250, కెనన్ జీ సిరీస్ లాంటివి) మీకు ఒక్క మాట చాలు: ట్యాంకు మీద కింది గీత ఉంటుంది, ఇంకు ఆ గీతకి చేరకముందే పోయండి. గీత కిందికి పోతే గొట్టాల్లోకి గాలి వెళ్తుంది. ఆ గాలిని బయటికి లాగడానికి బోలెడు ఇంకు వృథా అవుతుంది. తెర మీద ఏం చూపిస్తున్నా సరే, వారానికోసారి వంగి ట్యాంకు వైపు చూడండి.

ఎండితే ఎందుకు పాడవుతుంది

ఈ చిన్న కాట్రిడ్జ్‌లలో ఇంకుని చిమ్మేది వేడి. ఆ బంగారు పలకలో కంటికి ఆనని రంధ్రాలు, అంటే నాజిళ్లు, వరసలుగా ఉంటాయి. ఒక్కో నాజిల్ దగ్గర ఒక బుల్లి హీటర్. అది రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేని కాలంలో సుమారు 300 డిగ్రీలకు చేరుతుంది. ఇంకులోని నీరు ఆవిరి బుడగై ముందున్న చుక్కని బయటికి నెట్టేస్తుంది. బుడగ చల్లారగానే వెనక నుంచి కొత్త ఇంకు వచ్చి ఆ ఖాళీ నింపుతుంది. ఈ పద్ధతి తట్టడానికి కారణం కూడా ఒక సిరంజే. 1977లో కెనన్ పరిశోధనశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ ఒకటి అనుకోకుండా ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది, సూది మొనలోంచి ఇంకు చివ్వున చిమ్మింది. కెనన్ బబుల్ జెట్ అని పిలిచే ఈ పద్ధతి అలా పుట్టిందే. మనం నింపడానికి పట్టుకునేదీ సిరంజే కావడం నాకు సరదాగా అనిపిస్తుంది.

ఆ హీటర్‌ని వేడెక్కించేది కరెంటు, చల్లబరిచేది ఇంకు. ప్రమిద సంగతి తెలుసుగా. నూనె ఉన్నంతసేపూ వత్తి చివర మాత్రమే వెలుగుతుంది, వత్తి చెక్కు చెదరదు. నూనె అయిపోతే వత్తే కాలుతుంది. తర్వాత ఎంత నూనె పోసినా ఆ వత్తి పనికిరాదు, కొత్తది వేసుకోవాల్సిందే. కాట్రిడ్జ్ లోపలి స్పాంజి, నాజిళ్లు సరిగ్గా అలాంటివే. ఇంకు రాకుండా ఖాళీగా కాల్చిన హీటర్లు కాలిపోతాయి. అవి కాలాక మీరు ఎంత మంచి ఇంకు నింపినా అక్కడ గీత పడదు. నా నీలం పోయింది ఇలాగే.

కాబట్టి లెక్క ఇది: ఇంకు పావు వంతు మిగిలి ఉండగా నింపాలి. మరీ నిండుగా ఉన్నప్పుడే పోయబోతే పొంగి రంగులు కలుస్తాయి, ఆ జోలికీ పోవద్దు. ఆ పావు వంతుని పట్టుకోవడం ఎలాగన్నదే మిగతా కథ.

తెర మీది బొమ్మని ఎంతవరకు నమ్మాలి

కంప్యూటర్‌లో ఇంకు సీసా బొమ్మ సగానికి దిగినట్టు చూపిస్తుంది కదా. ఈ రకం ప్రింటర్లు లోపలి ఇంకుని చూడవు. ఎన్ని చుక్కలు చిమ్మాయో లెక్కపెట్టుకుని, ఇంకా ఇంత ఉండొచ్చని అంచనా వేస్తాయి. అది అంచనాయేనని కంపెనీలే రాస్తాయి. కొత్త కాట్రిడ్జ్ మొదటిసారి వాడుతున్నప్పుడు ఈ అంచనా పనికొస్తుంది. పావు వంతుకి దిగిందంటే సిద్ధమవండి, తక్కువగా ఉందని హెచ్చరిక వచ్చిందంటే ఆ వారమే నింపండి.

ఒకసారి మీరు నింపాక ఆ బొమ్మకి విలువ లేదు. మీరు పోసిన ఇంకు సంగతి దానికి తెలియదు, ఖాళీ అనే చూపిస్తూ ఉంటుంది. హెచ్‌పీలో వాడిన కాట్రిడ్జ్ అనో, రీఫిల్ చేసినదనో సందేశం వస్తే ఓకే కొట్టి ముందుకు పోవచ్చు. కెనన్ ఎంజీ సిరీస్‌లో E13 గానీ E16 గానీ అనే కోడ్ వెలిగితే స్టాప్ బటన్ ఐదు సెకన్ల పైన నొక్కి పట్టుకోండి, ప్రింటింగ్ మళ్లీ మొదలవుతుంది. అయితే ఆ బటన్ నొక్కారంటే ఆ కాట్రిడ్జ్‌కి ఇంకు లెక్క చూసే పనిని ప్రింటర్ మానేస్తుంది. అప్పటి నుంచి కాపలా మీది. ఇంకు నింపకుండా ఊరికే ఆ బటన్ నొక్కి ప్రింట్లు లాగేవాళ్లని చూశాను. కాట్రిడ్జ్‌ని చంపడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

ఇక డబ్బా మీది పేజీల లెక్క. హెచ్‌పీ 805 నలుపు సుమారు 120 పేజీలు, 680 నలుపు సుమారు 480, కెనన్ పీజీ-745 సుమారు 180 అని రాసి ఉంటుంది. ఈ లెక్కల వెనక ఉన్న పేజీ మన పిల్లల ప్రాజెక్టు పేజీ లాంటిది కాదు. స్థూలంగా కాగితంలో నూటికి ఐదు పాళ్లు మాత్రమే ఒక రంగు కప్పే పేజీ అది. మామూలు ఉత్తరం, హాల్ టికెట్ లాంటివి దానికి దగ్గరగా ఉంటాయి. అరపేజీ నిండా ముదురు బొమ్మ పెడితే ఆ ఒక్క కాగితమే పది పేజీల ఇంకు తాగేస్తుంది. అందుకే నేను పేజీలు లెక్కపెట్టేటప్పుడు మాటలున్న పేజీని ఒకటిగా, చిన్న ఫొటో ఉన్నదాన్ని మూడుగా, నిండు బొమ్మని పదిహేనుగా రాసుకుంటాను. శాస్త్రీయం కాదు, పాలవాడి లెక్క. కానీ పనిచేస్తుంది.

ఇంకో చిన్న విషయం. ప్రింటర్‌తో పాటు డబ్బాలో వచ్చే మొదటి కాట్రిడ్జ్‌లలో చాలాసార్లు ఇంకు తక్కువ ఉంటుంది. అది త్వరగా అయిపోయిందని బెంబేలు పడకండి.

కాగితం మీద కనిపించే గుర్తులు

తెర కన్నా కాగితం నయం. కానీ కాగితం మీద రంగు తగ్గడానికి రెండు కారణాలున్నాయి: ఇంకు తగ్గడం ఒకటి, నాజిళ్లు మూసుకుపోవడం ఇంకొకటి. మందు వేరు కాబట్టి ముందు రోగం ఏదో తేల్చుకోవాలి.

ఇంకు తగ్గితే పేజీ పైభాగం బాగుండి, కిందికి వచ్చేకొద్దీ వెలిసిపోతుంది. మా పటంలో జరిగింది అదే. స్పాంజిలో మిగిలిన ఇంకు నాజిళ్ల దాకా రావడానికి టైము పడుతుంది, ప్రింటర్ అంతకన్నా వేగంగా చిమ్ముతుంది. పావుగంట వదిలేసి మళ్లీ తీస్తే పైభాగం మళ్లీ బాగానే వస్తుంది, ఎందుకంటే ఈలోపు ఇంకు నెమ్మదిగా కిందికి దిగి ఉంటుంది. ఇలా విశ్రాంతి ఇస్తే కోలుకుని, పనిచేస్తే నీరసపడుతోందంటే అది ఆకలే. వెంటనే ఆపి నింపండి.

నాజిళ్లు మూసుకుపోతే కథ వేరు. సన్నని తెల్ల గీతలు పేజీ మొదటి వరస నుంచే, ఒకే ఎడంలో, చివరిదాకా వస్తాయి. విశ్రాంతి ఇచ్చినా మారవు. చాలా రోజులు ప్రింట్ తీయకపోతే, ముఖ్యంగా ఎండాకాలంలో, ఇది వస్తుంది. దీనికి క్లీనింగ్ పనికొస్తుంది. రెండుసార్లు చేయండి, మహా అయితే మూడు. ప్రతి క్లీనింగూ ఇంకు తాగుతుంది కాబట్టి, అసలే ఖాళీగా ఉన్న కాట్రిడ్జ్‌కి క్లీనింగ్ చేయడమంటే నీరసంతో పడిపోయినవాణ్ని పరిగెత్తించడమే. క్లీనింగ్ తర్వాత ఇంకా అధ్వానంగా వస్తే అది ఇంకు తక్కువేనని తీర్పు చెప్పేయొచ్చు.

రంగుల కాట్రిడ్జ్‌లో ఇంకో చిక్కుంది. ఒకే డబ్బాలో మూడు అరలు: సయాన్, మెజెంటా, పసుపు. సయాన్ అంటే ఆకాశనీలం, మెజెంటా అంటే చీరల షాపులో రాణీ కలర్ అంటామే, అది. మూడూ సమానంగా ఖర్చు కావు. మీరు సముద్రాలూ ఆకాశాలూ ఎక్కువ తీస్తే నీలం ముందు పోతుంది. మూడింట్లో ఏది ఎండినా ఆ వైపు నాజిళ్లు కాలడం మొదలవుతుంది, మిగతా రెండూ నిండుగా ఉన్నా సరే. కనిపెట్టడానికి మనుషుల ఫొటో చూడండి. మొహాలు ఆకుపచ్చగా, జబ్బు చేసినట్టు ఉంటే మెజెంటా తగ్గింది. ఊదాగా, చలికి కమిలినట్టు ఉంటే పసుపు తగ్గింది. అందరూ ఎండలో తిరిగొచ్చినట్టు ఎర్రబారి, నారింజరంగులోకి పోతే సయాన్ తగ్గింది.

ఫొటోల దాకా ఆగకుండా ముందే పట్టుకోవాలంటే ఒక చిన్న ఫైలు తయారు చేసుకోండి. వర్డ్‌లో ఒక పేజీ, అందులో నాలుగు నిలువు పట్టీలు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. ఒక్కోటి ఒక సెంటీమీటరు వెడల్పు, ఐదు సెంటీమీటర్ల పొడవు. లోపల పూర్తి ముదురు రంగు. మామూలు అక్షరాలు చక్కగా వస్తున్న రోజుల్లోనే ఈ పట్టీల కింది అంచు పైఅంచు కన్నా పలచగా కనబడుతుంది. ఎందుకంటే అక్షరాలకి ఇంకు కొంచెం చాలు, పట్టీకి ఆపకుండా కావాలి, స్పాంజి బలహీనత అక్కడ ముందు బయటపడుతుంది. వారానికోసారి, లేదా ఏ ముప్పై పేజీలకోసారో ఇది తీయండి. పనిలో పనిగా నాజిళ్లు ఎండకుండా కూడా ఉంటాయి. మొదటిసారి, ఇంకు నిండుగా ఉన్నప్పుడు తీసిన పట్టీని దాచుకుంటే తర్వాత పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

అన్నిటికన్నా నిక్కమైనది: తూకం

నేను పై గుర్తులన్నీ చూస్తాను గానీ, నమ్మేది మాత్రం త్రాసుని. బంగారం తూచే బుల్లి ఎలక్ట్రానిక్ త్రాసులు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి. గ్రాములో పదో వంతు చూపించేది చాలు. ఇంకు ఎక్కువ భాగం నీరే కాబట్టి ఒక మి.లీ. ఇంకు దాదాపు ఒక గ్రాము తూగుతుంది. లెక్క అంత సులువు.

కొత్త కాట్రిడ్జ్ తెచ్చిన రోజు, నాజిళ్ల మీది టేపు పీకి, ప్రింటర్‌లో పెట్టేముందు తూచండి. ఆ అంకెని ప్రింటర్ మూత లోపలివైపు ఒక స్టిక్కర్ మీద రాయండి. తర్వాత పట్టీ పరీక్షలో కింది అంచు పలచబడిన రోజు మళ్లీ తూచి ఆ అంకె కూడా రాయండి. రెండిటి తేడాయే మీరు వాడుకోగల ఇంకు.

ఉదాహరణకి కొత్తలో 38 గ్రాములు, పలచబడిన రోజు 30 గ్రాములు ఉందనుకుందాం. అంటే వాడదగ్గ ఇంకు ఎనిమిది గ్రాములు. అందులో పావు అంటే రెండు. ఇకనుంచి త్రాసు 32 చూపించిన రోజు మీ నింపే రోజు. ఎంత నింపాలో కూడా తెలిసిపోయింది: 38 దాటకూడదు కాబట్టి ఐదు నుంచి ఐదున్నర మి.లీ. పోస్తే భద్రం. మీ కాట్రిడ్జ్ అంకెలు వేరే ఉంటాయి, ఇవి పట్టుకుని పోయకండి.

రంగుల కాట్రిడ్జ్‌కి తూకం ఒక్కటే చాలదు. మూడు అరల మొత్తమే తెలుస్తుంది గానీ ఏది ఖాళీయో తెలియదు. అప్పుడు టిష్యూ పరీక్ష చేయండి. టిష్యూ పేపరు నాలుగు మడతలు వేసి, కొంచెం తడి చేసి, కాట్రిడ్జ్ నాజిళ్లని దాని మీద ఐదారు సెకన్లు మెల్లగా ఆనించండి. రుద్దకండి. మూడు రంగుల చారలు పక్కపక్కనే పడాలి. ఒక చార సన్నగానో, చుక్కలు చుక్కలుగానో ఉంటే ఆ అర ఎండుతోంది.

కొత్తలో తూచడం మర్చిపోయారా? పర్లేదు. మొదటిసారి నింపాక కారడం ఆగిన తర్వాత తూచండి, అదే మీ నిండు తూకం.

నింపే రోజు

ఇంకు కొనేముందు ఒక విషయం చూసుకోండి. ఈ హెచ్‌పీ కాట్రిడ్జ్‌లలోనూ కెనన్ పీజీ రకంలోనూ నలుపు పిగ్మెంట్ ఇంకు, రంగులు డై ఇంకు. పిగ్మెంట్‌లో రంగు పొడి రేణువులుగా తేలుతుంది, డైలో నీళ్లలో చక్కెరలా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ అరలో డై పోస్తే నలుపు నలుపుగా రాదు, నీటిచుక్క పడితే అక్షరం పారుతుంది. రంగుల నాజిళ్లలో పిగ్మెంట్ పోస్తే మూసుకుపోయే ప్రమాదం. షాపులో మీ కాట్రిడ్జ్ నంబరు చెప్పి, నలుపు పిగ్మెంటేనా అని అడిగి తీసుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఇంకు సీసాలూ దొరుకుతాయి, నింపి ఇచ్చేవాళ్లూ దొరుకుతారు. మొదటిసారి ఒకరు నింపుతుంటే పక్కన నిలబడి చూడటం మంచిదే.

కావాల్సినవి: ఒక్కో రంగుకి ఒక్కో 5 మి.లీ. సిరంజి (మెడికల్ షాపులో దొరుకుతుంది), టిష్యూలు, పాత పేపర్లు, టూత్‌పిక్‌లు, చేతి తొడుగులు, సెల్లో టేపు. లుంగీయో పాత నైటీయో కట్టుకోండి. ఈ మరక బట్టల్ని ఒక పట్టాన వదలదు. గచ్చు మీద కూర్చుని చేయండి, సోఫా దరిదాపుల్లో వద్దు. సూదులు పిల్లలకి అందకుండా చూసుకోండి.

కాట్రిడ్జ్‌ని మడతపెట్టిన టిష్యూ మీద, నాజిళ్లు కిందికి ఉండేలా నిలబెట్టండి. పైన ఉన్న స్టిక్కర్ మెల్లగా లేపితే కింద రంధ్రాలు, వంకరటింకర సన్నని కాలువలు కనిపిస్తాయి. రంధ్రాలు మీకు, కాలువలు గాలికి. కొన్ని మోడళ్లలో రంధ్రం సూది పట్టనంత చిన్నది, చేతి డ్రిల్ పిన్నుతో కొద్దిగా పెద్దది చేయాలి. ప్లాస్టిక్ పొట్టు లోపల పడనివ్వకండి.

రంగుల కాట్రిడ్జ్ అయితే ఇక్కడ తొందరపడొద్దు. ఏ రంధ్రం ఏ రంగుదో మోడల్‌ని బట్టి మారుతుంది. పోయినసారి గుర్తుంది కదా అని, యూట్యూబులో చూశాం కదా అని పోసేయకండి. ప్రతి రంధ్రంలోకి ఒక కొత్త టూత్‌పిక్ దించి తీసి, తెల్ల టిష్యూ మీద అద్ది రంగు చూడండి. పసుపు అరలో నీలం పడిందంటే ఇక అన్ని పొలాలూ ఆకుపచ్చే.

సిరంజిలో ఇంకు ఎక్కించుకుని, సూది పైకి పెట్టి గాలి బుడగ తోసేయండి. సూదిని స్పాంజిలోకి సగానికి కొంచెం ఎక్కువ లోతు దించండి. అడుగుదాకా పోవద్దు, అక్కడ సన్నని జల్లెడ ఉంటుంది, పొడిస్తే చిరుగుతుంది. ఇప్పుడు మెల్లగా నొక్కండి, అర మి.లీ. పోసి ఆగండి, ఇంకో అర పోయండి. స్పాంజి పీల్చుకునే వేగంలోనే మీరూ పోయాలి. గబగబా నొక్కితే గాలి బుడగ లోపల ఇరుక్కుంటుంది. నిండుగానే ఉన్నా ప్రింట్ రాని కాట్రిడ్జ్‌లలో చాలావాటికి ఈ బుడగే కారణం. రంధ్రం దగ్గర ఇంకు తళుక్కుమంటే అక్కడితో ఆపి, కొద్దిగా వెనక్కి లాగేయండి. తూకం వేసుకుంటూ పోస్తే అంతవరకు రానే రాదు.

పైభాగం తుడిచి రంధ్రాల మీద టేపు వేయండి. ఆ వంకర కాలువల చివరలు మాత్రం మూసేయకండి. గాలి లోపలికి పోయే దారి లేకపోతే నాలుగు పేజీలు బ్రహ్మాండంగా వచ్చి ఐదోది తెల్లగా వస్తుంది. కొబ్బరినూనె డబ్బాకి ఒకే రంధ్రం పెడితే నూనె రాక మొరాయిస్తుంది చూడండి, అచ్చం అలాగే. నేను పాత స్టిక్కర్‌నే జాగ్రత్తగా తిరిగి అంటిస్తాను.

తర్వాత కాట్రిడ్జ్‌ని పొడి టిష్యూ మీద నిలబెట్టి అరగంట వదిలేయండి. కొంచెం ఇంకు కారడం సహజం. కారుతూనే ఉంటే ఎక్కువ పోశారన్నమాట, ఆగేదాకా టిష్యూలు మార్చండి, ప్రింటర్‌లో పెట్టకండి. కారడం ఆగాక రాగి చుక్కల్ని మెత్తటి పొడిగుడ్డతో అద్దండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో గుడ్డ కొంచెం తడిపి తుడిచినా మంచిదే, కుళాయి నీళ్లు వద్దు. పూర్తిగా ఆరాక లోపల పెట్టి, ఒక్క క్లీనింగ్, ఒక పట్టీ పరీక్ష. మొదటి పేజీ గీతలుగా వస్తే గంట ఆగి మళ్లీ చూడండి, చాలాసార్లు బుడగలు వాటంతటవే సర్దుకుంటాయి. తేదీ, తూకం స్టిక్కర్ మీద రాసేయండి.

ఒకసారి నింపాక మళ్లీ నింపేదాకా కాపాడుకోవాల్సినవి

ప్రింటర్‌ని గోడ స్విచ్చితో ఆపకండి, దాని బటన్ నొక్కి ఆపండి. అప్పుడే అది కాట్రిడ్జ్‌ని పక్కకి తీసుకెళ్లి నాజిళ్లకి మూత పెడుతుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే ఆ మూత పడదు, వచ్చాక ఆన్ చేసి మళ్లీ బటన్‌తోనే ఆపండి. మే నెలలో నాజిళ్లు మూత లేకుండా రెండు మూడు రోజులు ఉంటే చాలు, ఎండడం మొదలవుతుంది. ఇంకు ఖాళీ అయిన కాట్రిడ్జ్‌ని తర్వాత చూద్దాంలే అని డ్రాయరులో పడేయడం కూడా ఇలాంటిదే. అయిపోయిన రోజునే నింపలేకపోతే, తడి టిష్యూ నాజిళ్లకి ఆనించి జిప్ కవర్లో పెట్టి మర్నాటికల్లా నింపండి.

నలుపే తీస్తున్నా రంగులు తగ్గుతున్నాయంటే ప్రింట్ సెట్టింగుల్లో బ్లాక్ ఇంక్ ఓన్లీ అనే ఎంపిక చూడండి. అది పెట్టకపోతే, ఫొటో పేపరు ఎంచుకున్నప్పుడు ముఖ్యంగా, మూడు రంగులూ కలిపి నలుపు తయారుచేసే ప్రింటర్లున్నాయి.

కొన్ని కాట్రిడ్జ్‌లకి నింపే శ్రమ దండగ. ప్రింటర్ దాన్ని గుర్తించకుండా ఎర్రలైటు వెలిగిస్తే, చుక్కలు తుడిచినా మారకపోతే, లోపలి కరెంటు దారి పోయినట్టే. నింపి, విశ్రాంతి ఇచ్చి, క్లీనింగ్ చేశాక కూడా అవే గీతలు అదే చోట ఉంటే హీటర్లు కాలాయి. నెలల తరబడి ఎండినవాటి మీద నేను వేడినీళ్ల ప్రయోగాలు చాలా చేశాను, బతికినవాటికన్నా పోయినవే ఎక్కువ. వారంటీలో ఉన్న ప్రింటర్ అయితే ఇంకు కారి పాడైన దానికి కంపెనీ బాధ్యత తీసుకోదని తెలిసే దిగండి. నెలకి నాలుగైదు పేజీలే తీసేవాళ్లకి ఇదంతా ఎందుకు, వీధి చివర నెట్ సెంటర్ ఉంది. నెలకి వందలు తీసేవాళ్లు ట్యాంకు ప్రింటరు కొనుక్కుంటే సుఖం.

ఇక అన్నీ తెలిసినా ఒక రాత్రి ఇంకు అయిపోతుంది, పొద్దున్నే పరీక్ష, హాల్ టికెట్ కావాలి. చాలా హెచ్‌పీ డెస్క్‌జెట్‌లు ఒకే కాట్రిడ్జ్‌తో కూడా నడుస్తాయి. ఎండిన నలుపుని బయటికి తీసేయండి, రంగుల కాట్రిడ్జ్‌తోనే ప్రింట్ వస్తుంది. నలుపు కొంచెం వెలిసినట్టు ఉంటుంది గానీ పని జరుగుతుంది, ఎండిన కాట్రిడ్జ్ కాలకుండా మిగులుతుంది. కావాల్సింది పటమైతే, రంగులన్నీ తీసేసి గీతల పటాన్ని డ్రాఫ్ట్ మోడ్‌లో, అంటే తక్కువ ఇంకుతో, తీయండి. రంగు పెన్సిళ్లు పిల్లల బ్యాగులోనే ఉంటాయి.